ఎగరేసే ముందు కిందికి చూడాలి

సద్దుల బతుకమ్మ సాయంత్రం హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఒకప్పుడు పాట, చప్పట్లు మాత్రమే వినిపించేవి. ఇప్పుడు డీజేల సంగతి సరే, నెత్తి మీద ఇంకో మోత చేరింది. తేనెతుట్టె కదిలినట్టు జుమ్మని డ్రోన్ చప్పుడు. ఆడుతున్నవాళ్లు తలెత్తి చూస్తారు. పిల్లలు చేతులూపుతారు. ఎవరో ఒక పెద్దావిడ కొంగు సర్దుకొని పక్కకు జరుగుతుంది. ఈ నాలుగు మాటలు ఆ పెద్దావిడ తరఫున రాస్తున్నాం.

డ్రోన్ మీద మాకేమీ కోపం లేదు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరిగే వలయాలు పైనుంచి కనిపించినంత అందంగా కింద నిలబడి తీస్తే రావు. ఓరుగల్లు కోట గుండ్రటి ప్రాకారాల లోపల ఒదిగి ఉందన్న సంగతి కూడా ఆకాశం నుంచి చూస్తేనే కంటికి ఆనుతుంది. పెళ్లిళ్లలో, ప్రీ వెడ్డింగ్ షూట్లలో, రీల్స్‌లో డ్రోన్ షాట్ లేకుంటే వెలితి అనుకునే కాలం ఇది. చిక్కల్లా ఒక్కటే. డబ్బా విప్పిన గంటకే దాన్ని జనం మీదికి పంపిస్తున్నారు. స్కూటీ కొన్న రోజే చౌరస్తాలోకి తీసుకుపోం కదా, ముందు ఏదో ఖాళీ మైదానంలో తిప్పుతాం.

చేతిలో ఉన్నది బొమ్మా, యంత్రమా అన్నది ముందు తేల్చుకోవాలి. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే చిన్న డ్రోన్ల బరువు 249 గ్రాములు. ఆ అంకె ఊరికే రాలేదు. మన డ్రోన్ నిబంధనలు, 2021 ప్రకారం 250 గ్రాముల దాకా నానో, అది దాటితే 2 కిలోల దాకా మైక్రో. నానో ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకు కూడా సొంత సరదా వరకు అక్కర్లేదు గానీ, డబ్బులు తీసుకొని పెళ్లి షూట్ చేస్తే కావాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తున్నారు. సర్టిఫికెట్ అక్కర్లేదంటే ఏ నిబంధనా లేదని కాదు. ఎత్తుకు, నిషేధిత ప్రాంతాలకు సంబంధించిన హద్దులు నానోకూ ఉన్నాయి. 249 గ్రాములే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు చిన్న లెక్క వేసుకోవాలి. అది 30 మీటర్ల ఎత్తు నుంచి పడితే, గాలి అడ్డును పక్కనపెడితే, నేలకు తగిలేసరికి వేగం గంటకు 85 కిలోమీటర్ల పైమాటే. నాలుగు రెక్కల్లో ఒక్కటి విరిగినా అది మెల్లగా దిగదు, రాయిలా పడుతుంది. కింద బతుకమ్మ ఆడుతున్నవాళ్లు ఉంటే పరిస్థితి ఏమిటి?

అమెరికా నుంచి వచ్చే బావమరిదిని బ్యాగులో ఒకటి తెమ్మని చెప్పేవాళ్లూ ఉన్నారు. పూర్తిగా విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప మినహాయింపు లేదు. ఎయిర్‌పోర్టులో బావమరిదిని ఇరికించకండి.

ఎక్కడ ఎగరేయొచ్చో చూపే మ్యాప్ కేంద్ర పౌర విమానయాన శాఖ వెబ్‌సైట్ డిజిటల్ స్కైలో ఉంది. పచ్చ ప్రాంతంలో 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా, ముందస్తు అనుమతి లేకుండా పోవచ్చు. పసుపు రంగులో విమానయాన నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే కుదరదు. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఉన్నచోట ఆ 400 అడుగుల పరిమితి 200కు తగ్గుతుంది. ఇది వరంగల్ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట. మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది. విమానాలు దిగడం మొదలైన రోజు నగరం మీది మ్యాప్ రంగులు మారతాయి. ఇన్నాళ్లూ ఇక్కడే ఎగరేశాం అన్న జవాబు అప్పుడు చెల్లదు.

మ్యాప్‌లో పచ్చగా ఉన్నా ఆగాల్సిన చోట్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వేయిస్తంభాల గుడి, కోటలోని కీర్తితోరణాలు, రామప్ప పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. అక్కడ డ్రోన్‌తో తీయాలంటే ఆ శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలి. రామప్ప గోపురం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టింది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. రీల్ కోసం ఎగరేసిన ప్లాస్టిక్ రెక్క ఆ ఇటుకకు తగిలితే అతికించి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అటవీ శాఖను అడగాలి.

ఇక నేర్చుకునే పద్ధతి. పొద్దున్నే, గాలి లేని వేళ, మనుషులూ కరెంటు తీగలూ లేని మైదానం చూసుకోవాలి. మొదటి వారమంతా కెమెరా సంగతి మరిచిపోవడమే మంచిది. డ్రోన్ ముఖం మన వైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్లు గోడలకు గుద్దేది ఎక్కువగా అప్పుడే. ఈ తికమక వేళ్లకు అలవాటు కావాలి. పైకి లేపేముందు జీపీఎస్ దొరికిందా, హోమ్ పాయింట్, అంటే బయల్దేరిన చోటు, నమోదైందా చూడాలి. రిటర్న్ టు హోమ్ ఎత్తు పెట్టడం చాలామంది మరిచిపోతారు. సిగ్నల్ తెగినా, బ్యాటరీ తగ్గినా డ్రోన్ ఆ ఎత్తుకు లేచి బయల్దేరిన చోటికి తిన్నగా వస్తుంది. దారిలో అంతకంటే ఎత్తైన సెల్ టవర్ ఉంటే, దాన్ని చూసి తప్పుకునే తెలివి అన్ని డ్రోన్లకూ ఉండదు. ఇంకో సంగతి, తెర మీద కనిపించే ఎత్తు మనం లేపిన చోటి నుంచి లెక్క. డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కాదు. గుట్ట కింద లేపి గుట్ట వైపు పంపితే, తెర మీద 50 మీటర్లు చూపిస్తున్నా బండరాయి 5 మీటర్ల దూరంలోనే ఉండొచ్చు.

లక్నవరంలో నీళ్లకు ఆనించినట్టు పోనివ్వాలని అందరికీ ఉంటుంది. డ్రోన్ అడుగున ఉండే సెన్సర్లు కదిలే నీళ్లనూ, వాటి మెరుపునూ చూసి నేల ఎంత దూరంలో ఉందో పోల్చుకోలేవు. చెరువు మీద కనీసం నాలుగైదు మీటర్లు వదలాలి. ఎండాకాలం ఇంకో టెన్షన్. చాలా చిన్న డ్రోన్లను 40 డిగ్రీల వేడి వరకే వాడమని తయారీదారులు చెబుతారు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం అది ఎప్పుడో దాటిపోతుంది. బ్యాటరీలను ఎండలో ఆపిన కారులో వదిలేయడం మరీ ప్రమాదం. గద్ద మీదికొస్తే నిటారుగా పైకి లేపాలి, అది అంత వేగంగా నిలువునా ఎక్కలేదు. సంక్రాంతి వారంలో మాత్రం డ్రోన్ బ్యాగులోనే ఉండనివ్వండి, మాంజా తెర మీద కనిపించదు.

ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి రాశులు పైనుంచి ఎర్ర తివాచీ పరిచినట్టు ఉంటాయి. అందుకే సీజన్ వస్తే అక్కడా డ్రోన్లు దిగుతాయి. షాట్ కోసం కిందికి దింపినకొద్దీ రెక్కల గాలికి ఘాటు లేచి హమాలీల కళ్లలో పడుతుంది. బస్తా మోసే మనిషి కళ్లు నలుపుకోవడానికి చేతులు ఖాళీగా ఉండవు. ఏ నిబంధనల్లోనూ రాయని విషయమిది. అక్కడున్నవాళ్లను ఒక మాట అడిగి ఉంటే వాళ్లే చెప్పేవారు.

అడగడం అన్నది మన దగ్గర అసలే తక్కువ. డాబా మీద బట్టలారేసే ఆడవాళ్లకు, ఎండాకాలం రాత్రి ఆరుబయట పడుకున్న కుటుంబానికి తలపైన ఎర్రదీపం కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. ఎగరేసేవాడు గుట్టను తీస్తున్నాడో తమ ఇంటినే తీస్తున్నాడో వాళ్లకు తెలిసే దారి లేదు. మేడారంలో జంపన్నవాగు స్నానాల మీదికి డ్రోన్ పంపాలని ఎవరికైనా అనిపిస్తే ఒక్క మాట. స్నానం, బట్టలు మార్చుకోవడం లాంటి వేళల్లో స్త్రీని చాటుగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి రుజువైతేనే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఎత్తు నుంచి తీశాం, ముఖాలు కనపడవు అంటారేమో. జూమ్ ఉన్న కెమెరాకు ఆ మాట వర్తించదు.

పౌరులకే నీతులు చెప్పి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. జాతరలకో, మంత్రుల పర్యటనలకో డ్రోన్ల మీద ఆంక్షలు పెట్టినప్పుడు పోలీసులు ఒక పత్రికా ప్రకటన ఇస్తారు. మేం లోపలి పేజీలో రెండు అంగుళాలు వేస్తాం. ఆ పేపరు చదవని కుర్రాడు మర్నాడు డ్రోన్ పోగొట్టుకుంటాడు. ఎస్పీ స్థాయి అధికారి ఒక ప్రాంతాన్ని 96 గంటలకు మించకుండా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ ప్రకటన డిజిటల్ స్కైలో పెట్టాలనీ ఉంది. 96 గంటలంటే సరిగ్గా మేడారం జాతర నాలుగు రోజులు. ఈ పనిని ప్రతిసారీ మ్యాప్ మీద చేసి, దానితోపాటు పార్కింగ్ స్థలాల దగ్గర తెలుగులో బోర్డు పెడితే సగం గొడవలు మొదలే కావు. నేర్చుకునేవాళ్లకు ఆదివారం పొద్దున రెండు గంటలు ఒక మైదానం వదలడం కూడా నగరపాలక సంస్థకు పెద్ద ఖర్చు కాదు.

సద్దుల బతుకమ్మకు ఇంకో దారి ఉంది. పద్మాక్షి గుట్ట దగ్గర ఆ సాయంత్రం సర్టిఫికెట్ ఉన్న ఒక్క పైలట్‌నే అనుమతించాలి. ఆట స్థలం మీద కాకుండా పక్కనుంచి తీయించాలి. ఆ ఫుటేజీని అదే రాత్రి అందరికీ ఉచితంగా ఇవ్వాలి. చానళ్లు, యూట్యూబర్లు, ఫొటోగ్రాఫర్లు ఎవరికి కావాల్సింది వాళ్లు కోసుకుంటారు. మా పత్రిక కూడా ఆ సాయంత్రం సొంత డ్రోన్ ఎగరేయకుండా అందులోంచే తీసుకుంటుంది.