టామీగారి కీళ్లు

కర్నూలులో మా ఇంటి ఓనరు గారింట్లో పొద్దున ఆరుకు సుప్రభాతం, ఆరుంపావుకు కొల్లాజెన్. రెండోది వాళ్ల కుక్క టామీకి, కీళ్ల కోసమని.

సారు బనియన్ మీద అరుగెక్కి, డబ్బా మూత విప్పి, చెంచాడు పొడి తీసి, చూపుడు వేలితో అంచు గీసి సమం చేస్తారు. బంగారం తూచే కంసాలి కూడా అంత ఊపిరి బిగబట్టడు. పొడి పెరుగన్నంలో పడుతుంది. టామీ వాసన చూసి తుమ్ముతుంది. పొడంతా సారు మీసాల మీద! మళ్లీ అర చెంచా. "నాకింది, నాకింది" అని ఇంటిల్లిపాదీ సంబరం. గిన్నె ఖాళీ కాగానే టామీ గేటు సందులోంచి దూరి వీధి చివర మటన్ అంగడికి పోతుంది. అక్కడ గిట్ట ముక్క ఉచితం.

"90 శాతం ప్రోటీనప్పా, చక్కెర సున్నా" అంటారు సారు. తోళ్లూ ఎముకలూ ఉడకబెడితే చక్కెర ఎట్లా వస్తుంది సార్? ఆ ప్రోటీను కట్టిన ఇటుకల్లో, అంటే అమైనో ఆమ్లాల్లో, ప్రతి మూడింటికీ ఒకటి గ్లైసినే. కుక్కకు తిండిలోంచే అందాల్సిన అమైనో ఆమ్లాలు 10. అందులో ట్రిప్టోఫాన్ దీంట్లో బొత్తిగా లేదు. చక్కెర సున్నా అని అరచేతంత అక్షరాలు, ట్రిప్టోఫాన్ సున్నా అని చీమ తలకాయంతైనా లేదు. పోనీ, మింగింది నేరుగా మోకాలి దగ్గర దిగడానికి అదేమన్నా ఆటోనా? కడుపులో అరిగి ముక్కలై రక్తంలో కలిసిపోతుంది. గ్రాముకు 4 కేలరీలు మాత్రం ఖాయం. టామీ ఇప్పటికే గుమ్మడికాయలా ఉంది, ఆ బరువంతా మోసేది ఆ కీళ్లే.

"డబ్బా మీద బొవైన్ అని ఉంది సార్, అంటే?"

"ఇంగ్లీషు మందుల్లో అట్లాంటివి ఉంటాయిలే."

పశువు సార్. పశువు తోలు.

అదే గేటుకు "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు. పోయిన నెల పై పోర్షన్ పిల్లోడు కాళ్ల పులుసు పెట్టుకున్నాడని వారంలో ఖాళీ చేయించినారు. ఆ పులుసు చల్లారితే గడ్డకట్టేది ఈ కొల్లాజెనే కదా! సిగ్గుండాలి. తోలు ఒలిచేవాడికి ఇల్లివ్వరు, కాళ్లు కాల్చేవాడిని గుమ్మం తొక్కనివ్వరు. వాళ్ల చేతి మీదుగా పోయిన తోలే తెల్ల పొడై, ఇంగ్లీషు పేరు తగిలించుకొని వస్తే పూజగది పక్క అలమరలో పెడతారు. ఆ పిల్లోడు మూటాముల్లె సర్దుకొని దిగిపోతుంటే టామీ ఒక్కటే గేటు దాకా పోయింది.

నిన్న సారు నన్ను పిలిచినారు. మెట్ల మీద నాకి నాకి తెల్లగా చేసిన ఎముక.

"ఇది మీ పోర్షన్‌దేనా?"