ఛార్జర్ చిన్నదైతే సరే, లోపలి సందు మాత్రం తగ్గకూడదు

ఛార్జింగ్ పెట్టి ఫోన్ మాట్లాడుతుంటే షాక్ కొట్టిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ తప్పంతా మాట్లాడినవారిదే అన్నట్టు రాస్తారు. ఆ ఛార్జర్ లోపల ఏముందో ఎవరూ అడగరు. సరిగ్గా తయారైన ఛార్జరైతే ఫోన్ చేతిలో ఉన్నా ప్రాణం మీదికి రాకూడదు.

మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల ఏసీ, ఛార్జర్‌లో డీసీగా మారేసరికి సుమారు 325 వోల్టులవుతుంది. దాన్ని సెకనుకు వేలాది సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌తో 5 వోల్టులకు దించుతారు. ఈ వేగం (ఫ్రీక్వెన్సీ) పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదవుతుంది. 50 హెర్ట్జ్ మీద నడిచే పాత అడాప్టర్లు అంత బరువుండేది అందుకే.

ఫ్రీక్వెన్సీ పెంచినంత మాత్రాన తగ్గించలేనిది ఒకటుంది. బోర్డు మీద కరెంటు వైపుకీ, ఫోన్ వైపుకీ మధ్య వదిలే సందు. అది 5, 6 మిల్లీమీటర్లయినా ఉండాలి. రెండు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ ఉండదు కాబట్టి ఆ సందు, ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్ల మధ్య ఇన్సులేషనే మనకు రక్ష. కొన్ని నాసిరకం ఛార్జర్లలో ఆ సందు ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు వైపులనూ కలిపేచోట, పాడైనా షార్ట్ కాకుండా తయారుచేసే వై కెపాసిటర్ స్థానంలో మామూలు కెపాసిటర్ పెట్టేస్తారు. అది షార్ట్ అయితే గోడలోని కరెంటు నేరుగా ఫోన్‌లోకే వస్తుంది.

దోమల బ్యాట్ సంగతి ఇంకా ఘోరం. చవక రకాల్లో చాలావాటికి ఛార్జింగ్ కోసం ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. ఒక కెపాసిటర్‌తో కరెంటు తగ్గించి బ్యాటరీకి ఇస్తారు. ప్లగ్గులో ఉన్నంతసేపూ లోపలి తీగలన్నీ మెయిన్స్‌తో కలిసే ఉంటాయి. ప్లాస్టిక్ పగిలిన బ్యాట్‌ను పిల్లలకు అందేచోట ఛార్జింగ్ పెట్టడం నిజంగా ప్రమాదం.

చట్టం లేక కాదు. కేంద్ర ఉత్తర్వు ప్రకారం అడాప్టర్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటి మీద ‘ఆర్’ అక్షరంతో ఉండే రిజిస్ట్రేషన్ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అయితే నకిలీలు తయారుచేసేవాళ్లకు ఆ నంబర్ అచ్చేసుకోవడం పెద్ద పనేం కాదు. ఛార్జర్‌ను విప్పి చూడటం కొనేవాళ్ల వల్ల కాదు. కాబట్టి బాధ్యత అమ్మేవాళ్ల మీదే పెట్టాలి. నంబర్ అసలుదో కాదో తేల్చుకోకుండా ఏ ఆన్‌లైన్ సంస్థా ఛార్జర్‌ను అమ్మకానికి పెట్టకూడదు. దిగుమతిదారుల గోదాముల నుంచి శాంపిళ్లు తీసి, విప్పి, ఆ సందును కొలవాలి. ఫెయిలైన వాటి పేర్లు బయటపెట్టాలి.