సబ్జా గింజలకు నోబెల్ ఎప్పుడిస్తారు?

యాభై దగ్గరపడ్డ ఆడమనిషికి ఉన్నట్టుండి ఒళ్లు భగ్గుమంటే మన ఇళ్లలో రోగనిర్ధారణకు రెండు సెకన్లు చాలు: "వేడి చేసింది." మందు సబ్జా గింజలు. తగ్గకపోతే పల్చటి మజ్జిగ. అప్పటికీ తగ్గకపోతే "అన్నీ మనసులో పెట్టుకోకు" అనే ఉచిత సలహా.

అంటే ఆ సబ్జా గింజ పొట్టలోంచి బయల్దేరి, మెదడు అడుగున హైపోథాలమస్ దాకా ఎక్కి, కిస్‌పెప్టిన్ న్యూరాన్లనే నాడీకణాలకు నచ్చజెప్పి వస్తోందన్నమాట. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆ న్యూరాన్లకు కళ్లెం. నెలసరి ఆగే వయసులో అది పడిపోతే న్యూరాన్లు ఉబ్బిపోతాయి. నెలసరి ఆగిపోయిన స్త్రీల మెదడు కణజాలంలో శాస్త్రవేత్త నవోమీ రాన్స్ బృందం 1990లోనే ఇది చూపించింది. ఉబ్బినవి న్యూరోకైనిన్-బి అనే రసాయనాన్ని కుమ్మరిస్తాయి. దాంతో ఒంటి వేడిని చూసుకునే కేంద్రం కొద్దిపాటి తేడాకే బెదిరిపోయి చర్మంలో రక్తనాళాలు తెరిచేస్తుంది, చెమట పట్టిస్తుంది. పాపం, మజ్జిగేం చేస్తుంది?

రాత్రి రెండు గంటలు. ఆవిడ లేచి ఫ్యాను ఐదులో పెడుతుంది. "ఈ ఇంట్లో మనుషులుండాలా వద్దా?" అని రగ్గులోంచి ఆయన. నాలుగు నిమిషాల్లో చెమట ఆరి ఆవిడకే వణుకు, రగ్గు లాక్కుంటుంది. ఆయన లేచి, ఇంటి యజమాని హోదాలో ఫ్యాను ఒకటికి దించి, "నీకేదో పట్టింది" అని తీర్పిచ్చి పడుకుంటారు. మూడున్నరకి మళ్లీ ఐదు. పొద్దున ఆఫీసులో నిద్రలేదన్న సానుభూతి మాత్రం ఆయనకే.

ఆ న్యూరోకైనిన్ దారినే మూసే ఫెజోలినెటాంట్ అనే మందుకు అమెరికా 2023లో అనుమతిచ్చింది: రోజుకు 45 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, లివర్ పరీక్షలు తప్పనిసరి. అరవై లోపు వాళ్లకు, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డల చరిత్ర లేకపోతే హార్మోన్ చికిత్స ఎప్పట్నుంచో ఉంది. గర్భసంచి ఉన్నవాళ్లకు తోడుగా ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ ఇవ్వాలి.

నవ్వులాట ఇక చాలు. ముప్పై అయిదేళ్ల కూలీ మనిషి తెల్లబట్ట అవుతోందని వెళితే "గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది" అన్నవాళ్లు మన రాష్ట్రాల్లో తక్కువేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకు. ఆంధ్ర, తెలంగాణల్లో 8 శాతం పైనే. పనిలో పనిగా అండాశయాలూ తీసేస్తే, పదిహేనేళ్ల తర్వాత రావాల్సిన మంట రోజుల్లోనే మొదలు, ఎముకలు గుల్లబారడం అదనం. అండాశయాలు తీశారా, ఉంచారా? తీస్తే యాభై దాకా హార్మోన్ ఎవరు రాస్తారు? ఆ రెండు ముక్కలూ డిశ్చార్జి కాగితంలో రాయమంటే "నీకెందుకమ్మా అవన్నీ" అని విసుక్కునే పెద్దమనిషికి డాక్టరు కోటు ఎవడిచ్చాడు?