సరి తుమ్ము, బేసి తుమ్ము

ఒక్క తుమ్ము పడితే ఆగాలి. వెంటనే రెండోది పడితే నిశ్చింతగా బయల్దేరొచ్చు. మా అమ్మ శకునశాస్త్రం ఇంతే. ఏళ్ల తరబడి బాగానే నడిచింది. మా అన్న కొడుకు కాస్త పెద్దయ్యాక దానికి తిప్పలు మొదలయ్యాయి. వాడు ఒకటీ రెండుతో ఆపే రకం కాదు. పొద్దున దుప్పటి తీస్తే చాలు, టపాకాయల సరం అంటుకున్నట్టే.

మొన్న మాఘమాసంలో ఓ ఆదివారం నాకు పెళ్లిచూపులు. తిరుపతి బైరాగిపట్టెడ నుంచి చిత్తూరు వెళ్లాలి. నాలుగున్నరకు రాహుకాలం, ఆలోపే గడప దాటాలి. సరిగ్గా అప్పుడే అమ్మ పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసి వాడి మొహం ముందే దులిపింది.

వాడు తుమ్మాడు. అందరం కూర్చుని మంచినీళ్లు తాగి లేచాం. ఈసారి వరసగా ఏడు.

"బేసి వచ్చెనే! ఇంకొక్కటి తుమ్ము నాయనా."

"రావట్లేదు జేజీ," అన్నాడు వాడు పాపం, ముక్కు ఎగబీలుస్తూ.

జలుబు దిగుతుందని అమ్మ సాంబ్రాణి వేసింది. "పొగ పడదని డాక్టర్ చెప్పినాడు కదత్తా" అని వదిన అనేసరికే ఇల్లంతా పొగ. తొందరపెట్టడానికి లోపలికొచ్చిన డ్రైవర్‌తో సహా అందరం తుమ్మాం. ఎవరివి ఎన్నో లెక్క తేలక, చివరికి రాహుకాలంలోనే బయల్దేరాం.

అసలు వాడిది జలుబు కాదని డాక్టర్ ఎప్పుడో తేల్చేశాడు. జలుబయితే వారం పది రోజుల్లో పోవాలి. వీడికి జ్వరం ఉండదు. ముక్కు నీళ్లలా కారుతుంది, ఒకటే దురద, కళ్ల కింద నలుపు. అలర్జీ. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనబడని పురుగులు మన ఒంటి నుంచి రాలిన పొట్టు తిని బతుకుతాయట. ఆ పురుగులున్న దుమ్మును కొందరి ఒళ్లు శత్రువనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్లీ దుమ్ము తగిలిందంటే హిస్టమిన్ అనే రసాయనం విడుదలై తుమ్ములు మొదలు. ఈ పగ పెరగడానికి టైం పడుతుంది. పుప్పొడి అలర్జీ అయితే రెండేళ్లలోపు పిల్లల్లో అరుదేనట. పసివాడిగా ఉన్నప్పుడు వీడికి మోచేతి మడతల్లో ఎర్రగా దురద వచ్చేది. వేడి చేసిందనుకున్నాం. అది ఎగ్జిమా. చాలామంది పిల్లల్లో ముందు చర్మం, తర్వాత ముక్కు. అదే పరుపు మీద పడుకునే వీడి చెల్లెలికి మాత్రం ఏమీ లేదు, హాయిగా గురక పెడుతుంది.

వంశంలో ఉంటే పిల్లలకొచ్చే అవకాశం ఎక్కువన్నాడు డాక్టర్. "మా వైపు ఎవరికీ లేదు" అని అమ్మ వదిన వైపు చూసింది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. ఆవిడకు పొద్దున పూట 'మంచు పడదు', అంతే. దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతకమన్నాడని డాక్టర్ మీద కోపం కూడా ఉంది.

చిత్తూరు చేరాం. దురద పుట్టినప్పుడల్లా అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకోవడం ఇలాంటి పిల్లలకు అలవాటు. డాక్టర్లు దాన్ని అలర్జీ సెల్యూట్ అంటారు. రుద్దీ రుద్దీ వీడి ముక్కు మీద అడ్డంగా గీత కూడా పడింది. పెళ్లికూతురు నాయన మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. గుమ్మంలో ఆయన నమస్కారం పెట్టబోతుండగా వీడి చెయ్యి లేచింది. ఆయన టక్కున నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. వీడు మళ్లీ రుద్దుకున్నాడు. ఆయన మళ్లీ కొట్టాడు.

"పిల్లోడు భలే పద్ధతిగా ఉండాడబ్బా!" అని మురిసిపోయి, నా జీతం సంగతి అడగడమే మరిచిపోయాడు. వదిన అసలు విషయం చెప్పబోతే అమ్మ మోకాలితో ఒక్కటి పొడిచింది.