హెచ్-ఇండెక్స్ చూస్తే చాలునా?

“పరిశోధకుడి సత్తా తెలియాలంటే అతని వ్యాసాలు వచ్చిన పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అతని హెచ్-ఇండెక్స్ చూస్తే చాలు, అంకెలకు పక్షపాతం ఉండదు” అన్న సందేశం మా కోనసీమ అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది. పదోన్నతులను ప్రభావితం చేసే మాట కనుక దీనికి జవాబు చెప్పక తప్పదు.

మొదటిది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు చెందిన సగటు, వ్యాసానికి వచ్చిన మార్కు కాదు. అంతకు ముందు రెండేళ్లలో ఆ పత్రిక ప్రచురించిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారో అది చెబుతుంది. ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ’ అనే పత్రికకు 2008లో సుమారు 2 ఉన్న ఈ విలువ 2009లో దాదాపు 50కి చేరింది. స్ఫటిక నిర్మాణాలను తేల్చే షెల్ఎక్స్ ప్రోగ్రాములపై జార్జ్ షెల్డ్రిక్ 2008లో రాసిన ఒక్క వ్యాసమే అందుకు కారణం. అదే పత్రికలో రాసిన తక్కినవారి ప్రతిభ ఏడాదిలో దాదాపు పాతిక రెట్లు పెరిగిందని ఎవరనగలరు?

ఇక హెచ్-ఇండెక్స్‌ను భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించాడు. ఒకరి హెచ్-ఇండెక్స్ పది అంటే, అతని వ్యాసాల్లో పదింటిని ఒక్కోదాన్ని కనీసం పదిసార్లు ఉదహరించారని అర్థం. ఇది పెరగడమే గాని తగ్గదు. కాబట్టి అది సహజంగానే వయసులో పెద్దవారికి అనుకూలం. గణితం, వైద్యం వంటి శాఖల మధ్య ఉదహరించే అలవాటే వేరు గనుక శాఖలు దాటి పోల్చడమూ చెల్లదు.

అంకెలకు పక్షపాతం లేదన్నది అసలైన పొరపాటు. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029ను, అంటే మనం స్వర్ణ అని పిలిచే వరిని, తూర్పు భారతమంతటా రైతులు దశాబ్దాలుగా పండిస్తున్నారు. నారు పోసిన రైతు ఎవరినీ ఉదహరించడు. డెల్టా పల్లపు భూముల ముంపు గురించి, తీరం వెంబడి చవుడు గురించి రైతుల కోసం తెలుగులో రాసిన కరపత్రం, పరిశోధన వ్యాసాలను, వాటి ఉదహరింపులను నమోదు చేసే స్కోపస్ అనే డేటాబేస్ లెక్కకు అందదు. అంకె పక్షపాతం చూపకపోవచ్చు. దేన్ని లెక్కించాలన్న ఎంపికలో మాత్రం పక్షపాతం ముందే చేరిపోయింది. స్థానిక అవసరాలకు పనికివచ్చే పరిశోధనను కాపాడాలని పరిశోధనను అంకెలతో ఎలా అంచనా వేయాలో చెబుతూ నిపుణులు వెలువరించిన 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో చెప్పింది ఇందుకే.

అయితే ఎంపిక సంఘాల్లో సిఫారసులు నడుస్తాయన్న భయం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. ఆ మేనిఫెస్టో కూడా అంకెలను వద్దనలేదు: నిపుణుల తీర్పుకు అవి ఆసరా కావాలంది, లెక్కను సరిచూసుకునే అవకాశం అభ్యర్థికి ఉండాలంది. అభ్యర్థి ఎంచి ఇచ్చిన మూడు వ్యాసాలను సంఘ సభ్యులు చదివి, కారణాలతో సహా తమ అభిప్రాయాన్ని సంతకం చేసి ఇస్తే, సిఫారసుకు చోటు తగ్గుతుంది, పరిశోధనను చదివినవారే దాని విలువ కడతారు.