980 రాస్తేనే మార్కులు పడే ల్యాబ్‌లో పరిశోధన నేర్పేదెట్లా?

కర్నూలు, అనంతపురం, కడప... ఎక్కడైనా సరే, ఓ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌కి వెళ్లి, బీరువాలో కట్టలు కట్టి పడేసిన పాత రికార్డులు ఓ పది దించి చూడండి. బార్ పెండ్యులమ్ ప్రయోగం (లోహపు పట్టీని లోలకంలా ఊపి, ఆ టైమ్ నుంచి భూమి ఆకర్షణ ఎంతో కనుక్కునేది) దగ్గర రిజల్ట్ ఏముంటుందో పేజీ తిప్పకముందే చెప్పేయొచ్చు. జీ విలువ, అంటే గురుత్వ త్వరణం, సెకనుకు సెకనుకు 980 సెంటీమీటర్లు. కాస్త తెలివైనవాడు 979.4 అనో 980.8 అనో రాస్తాడు, మరీ రౌండుగా ఉంటే బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి అనుమానం వస్తుందని.

అసలు సంగతేంటంటే మన నేల మీద జీ విలువ 980 కాదు. పుస్తకాల్లో కనిపించే 980.665 అనేది 45 డిగ్రీల అక్షాంశాన్ని లెక్కలో పెట్టుకుని 1901లో అంతర్జాతీయంగా ఖాయం చేసుకున్న అంకె. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ జీ తగ్గుతుంది, ఎత్తుకు పోయేకొద్దీ ఇంకొంచెం తగ్గుతుంది. 15 డిగ్రీల అక్షాంశానికి కాస్త అటూ ఇటూగా, సముద్ర మట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉండే కర్నూలు, అనంతపురాల్లో అది సుమారు 978. అంటే రికార్డుల్లో ఉన్న 980 లోలకం చెప్పింది కాదు, గైడ్ చెప్పింది.

సరే, తేడా ఎంతని? రెండే కదా. ఆ రెండింటిని మన ల్యాబ్ పట్టుకోగలదా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న, అదే ఎవరూ అడగరు. లెక్క వేసి చూద్దాం. బార్ ఒకసారి ఊగి రావడానికి 1.62 సెకన్లు పడుతుందనుకుంటే 20 ఆసిలేషన్లకు 32.4 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కే వేలు ఎంత చురుగ్గా ఉన్నా 0.2 సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఫార్ములాలో టైమ్ స్క్వేర్ ఉంది కాబట్టి ఆ శాతం రెట్టింపై, జీ దగ్గరికొచ్చేసరికి 12 దాకా తేడా వస్తుంది. అంటే ఆ వాచ్‌తో 968 వచ్చినా 988 వచ్చినా పిల్లాడిని అనడానికేం లేదు. అదే 100 ఆసిలేషన్లు లెక్కపెట్టారనుకోండి, టైమ్ 162 సెకన్లు, వేలి తప్పు అదే 0.2, జీలో తేడా రెండున్నరకు దిగుతుంది. "20 ఆసిలేషన్లకు 971 వచ్చింది, 12 అటూ ఇటూ ఉండొచ్చు, 100కి 977 వచ్చింది, రెండున్నర అటూ ఇటూ, ఇంతకంటే గట్టిగా చెప్పాలంటే ఈ వాచ్ చాలదు" అని సొంతంగా రాయగలిగిన ఫస్టియర్ అమ్మాయికి రీసెర్చ్ పేపర్ రాయడం సగం వచ్చేసినట్టే. కానీ ఆ అమ్మాయికి మనం ఏం చెబుతాం? "971 ఏంటమ్మా, పక్కవాళ్లది చూసి సరిచేసుకో" అంటాం.

రీసెర్చ్ మెథడాలజీ అని ఓ కోర్సు, కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఇంకో కోర్సు, కెరీర్ గైడెన్స్ అని నోటీసు బోర్డు మీద ఓ సెల్... ఇవన్నీ పెట్టి చేతులు దులుపుకుంటున్నాం గానీ, ఈ మూడింటికీ పునాది పడాల్సిన చోటు ల్యాబ్ రికార్డే. దాన్ని చేతిరాత ప్రాక్టీసు పుస్తకంగా మార్చింది మనమే.

ఇప్పుడిది ఎందుకు ముఖ్యమంటే, 2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతికి మారింది. యూజీసీ 2022 చివర్లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది ఆనర్స్ విత్ రీసెర్చ్ చేయొచ్చు, అందులో 12 క్రెడిట్ల డిసర్టేషన్, అంటే సొంత పరిశోధన మీద రాసే పెద్ద వ్యాసం, ఉంటుంది. మూడేళ్లు ఫెయిర్ కాపీ రాసిన చేతికి నాలుగో ఏట డిసర్టేషన్ ఇస్తే ఏం రాస్తుంది? ఇంకెవరిదో చూసి రాస్తుంది. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతలతో పది శాతానికి మించి పోలికలుంటే చర్యలని ఉంది, నిజమే, కానీ ఆ పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ ఎత్తిరాసిన వాక్యాలను పట్టుకుంటుంది గానీ అల్లేసిన రీడింగులను పట్టుకోదు.

సి.వి. రామన్ కథ చెప్పి పిల్లల్ని ఊదరగొట్టడం నాకూ ఇష్టం ఉండదు, అయినా ఒక్క ముక్క చెప్పాలి. 1906లో, మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంకా చదువుకుంటూనే ఆయన తొలి పేపర్ లండన్ నుంచి వచ్చే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వేశారు. ప్రిజం ముఖం మీద కాంతిని బాగా ఏటవాలుగా పడేస్తే డిఫ్రాక్షన్ పట్టీలు (కాంతి వంగి పరుచుకోవడం వల్ల కనిపించే వెలుగు చీకటి చారలు) రెండు పక్కలా ఒకేలా లేవని స్పెక్ట్రోమీటర్‌లో గమనించడం, దాన్ని వదిలేయకపోవడం, అంతే. స్పెక్ట్రోమీటర్ మన ల్యాబుల్లోనూ ఉంది. మనవాడికి పట్టీలు అలా వంకరగా కనిపిస్తే ప్రిజం సరిగా పెట్టలేదని మనమే వెళ్లి సర్దేస్తాం.

కొత్త పరికరాలు కావాలి, నిధులు కావాలి అనేవాళ్లకు ఓ ఉదాహరణ. లీస్ డిస్క్ ప్రయోగం తెలుసు కదా, ఇత్తడి బిళ్ల మీద అట్టముక్క పెట్టి, పైనుంచి స్టీమ్ పంపి, వేడి ఎంత దాటుతుందో చూసేది. తరాలుగా అదే అట్టముక్క. దాని స్థానంలో బేతంచెర్ల బండ పెట్టి చూడండి. పాలిషింగ్ యూనిట్లలో గుండ్రంగా కోసివ్వమంటే కోసిస్తారు. పక్కనే కడప బండ ఇంకోటి. మన ఇళ్లలో నేలకు పరిచేవి అవే. వాటిలో ఏది వేడిని ఎంత దాటిస్తుందో మన పిల్లలే కొలిచి చెప్పొచ్చు. అయితే పెట్టగానే చిక్కులు మొదలవుతాయి. రాయి అట్టకంటే వేడిని బాగా ఎక్కువ దాటిస్తుంది, కాబట్టి పల్చటి ముక్క పెడితే రెండు థర్మామీటర్లూ దాదాపు ఒకటే చూపిస్తాయి. మందం పెంచితే పక్క అంచుల నుంచి వేడి జారిపోతుంది, దాన్ని ఫార్ములా లెక్కలోకి తీసుకోదు. రాయికీ ఇత్తడికీ మధ్య గాలి పొర చిక్కుకుంటే అదో తలనొప్పి, కొంచెం గ్లిజరిన్ రాస్తే ఏమవుతుందో చూడాలి. ఇన్ని తంటాలు పడ్డాక రాసేందుకు విషయం దానంతట అదే ఉంటుంది. ఎందుకు ఇంత మందం తీసుకున్నాం, ఏ తేడాని పట్టించుకోలేదు, ఎందుకు... ఇది ఏ గైడ్‌లోనూ ఉండదు, అందుకే కాపీ కొట్టడానికీ ఉండదు.

ప్రెజెంటేషన్ల సంగతి చూస్తే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. సెమినార్ అంటే నెట్‌లోంచి దించిన 30 స్లైడ్లు, ప్రతి స్లైడులో పేరా, పిల్లలు క్లాసుకు వీపు తిప్పి ఆ పేరాలను చదువుతారు, చివర్లో థ్యాంక్యూ స్లైడు మీద గులాబీ పువ్వు. "ఎనీ డౌట్స్?" అంటే ఎవరూ నోరు తెరవరు, అడిగితే ఫ్రెండ్‌షిప్ పోతుంది. అమెరికన్ ఫిజికల్ సొసైటీ మార్చి సమావేశంలో మామూలు టాక్ ఎవరిచ్చినా, ప్రొఫెసరైనా విద్యార్థైనా, 10 నిమిషాలు మాట్లాడటం, 2 నిమిషాలు ప్రశ్నలు. అంతకంటే మన వాళ్లకెందుకు? తను గీసిన ఒక గ్రాఫ్, 10 నిమిషాలు, బోర్డు మీద చాక్‌పీసు. మొదటిసారి తెలుగులోనే చెప్పనివ్వండి. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే అయింది, ఇంటర్ దాకా తెలుగులో చదివినోళ్లకు ఫిజిక్స్ భయం, ఇంగ్లిష్ భయం రెండూ ఒకేసారి నెత్తిన పడ్డాయి. తెలుగులో విషయం తేటగా చెప్పగలిగిన పిల్లకి అదే టాక్ ఇంగ్లిష్‌లో చెప్పడం నెలరోజుల పని. విషయం అర్థం కాకుండా ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పట్టినవాడికి మాత్రం ఒక్క ఎదురు ప్రశ్నతో చెమటలు పడతాయి.

ఇక ఉద్యోగాలు. మన జిల్లాల్లో బీఎస్సీ ఫిజిక్స్ అంటే ఇంట్లోవాళ్ల లెక్క ఒకటే, బీఈడీ చేసి డీఎస్సీ రాయి, లేదా బెంగళూరు బస్సెక్కు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి కాబట్టి ఆ లెక్క తప్పనీ అనలేం. కానీ అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు, మిగతా దారులు ఊరి పక్కనే ఉన్నా ఎవరూ చెప్పట్లేదు. ఓర్వకల్లు, గడివేముల వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. మన మే నెల ఎండకు అది 65 డిగ్రీలకు చేరితే 16 శాతం హుష్‌కాకి. ఆ నష్టంలో వేడి వాటా ఎంత, దుమ్ము వాటా ఎంత అని కొలిచి రెండు పేజీల్లో రిపోర్టు రాసేవాడు అక్కడ కావాలి. కర్నూలులోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎమ్మెస్సీ తర్వాత రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేసినవాళ్లు ఇలాంటి ఆసుపత్రుల్లో రేడియేషన్ డోసు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్టులు అవుతారు. కణితికి చేరే రేడియేషన్ డోసు అనుకున్నదానికి 5 శాతం లోపలే ఉండాలన్నది ఆ రంగంలో అందరూ పాటించే హద్దు. రీడింగు సర్దేసే అలవాటున్న మనిషిని ఆ మెషిన్ దగ్గర ఊహించుకోండి.

మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ గురించి కూడా చెప్పాలి. ఎండాకాలంలో 8 వారాలు ఓ శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్ ఇస్తారు. అప్లికేషన్లు మాత్రం సాధారణంగా ముందటి ఏడాది చివరి నెలల్లోనే తీసుకుంటారు, మనవాళ్లు ఏప్రిల్‌లో నిద్ర లేస్తారు. ఏం చేయాలనుకుంటున్నారో క్లుప్తంగా రాయమంటారు అందులో. "చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం" అని రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. "లీస్ డిస్క్‌లో బేతంచెర్ల బండ పెట్టాను, అంచుల దగ్గర పోయే వేడిని లెక్కలోకి తేలేకపోయాను, అది నేర్చుకోవాలి" అని రాసేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

లెక్చరర్ల బాధ నాకు తెలియనిది కాదు. ఒక్కరే నలభై రికార్డులు దిద్దాలి, సగం మంది గెస్ట్ ఫ్యాకల్టీ, ఎప్పుడుంటారో ఎప్పుడు పోతారో తెలియదు. అందుకే పని పెంచమనడం లేదు, తగ్గించమంటున్నా. సెమిస్టర్‌కి ఉన్న ప్రయోగాల్లో సగం తీసేయండి, మిగిలినవి రెండేసి సార్లు చేయించండి. ఎయిమ్, అపారటస్, ప్రొసీజర్ పేజీలు పేజీలు ఎత్తిరాయించడం ఆపేస్తే దిద్దే పని సగానికి సగం తగ్గుతుంది. రిజల్ట్‌కి ఉన్న మార్కులు తీసి ఎర్రర్ లెక్కకు వేయండి. అబ్జర్వేషన్ బుక్‌లో పెన్నుతో రాయించి, కొట్టివేతలు అలాగే ఉండనిచ్చి, వైవా టేబుల్ మీదకు ఆ పుస్తకాన్నే తెప్పించండి. ఎక్స్‌టర్నల్‌గా వచ్చేది పక్క కాలేజీ వాళ్లే కదా, ముందే ఓ ఫోన్ కొట్టి చెప్పుకోవచ్చు. అటానమస్ కాలేజీలు ఇదంతా సిలబస్ ఖాయం చేసే తమ బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే మీటింగ్‌లోనే పాస్ చేసుకోవచ్చు, మిగతావాళ్లు కనీసం ఇంటర్నల్ మార్కుల వరకు ఈ సెమిస్టర్ నుంచే మొదలుపెట్టొచ్చు, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.