రగ్బీ లీగ్: ట్రై పడేది మూలలో, గండి పడేది లోపల

రగ్బీ లీగ్ మ్యాచ్‌లో ట్రై పడగానే, అంటే ఒకడు బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకు ఆనించి స్కోరు చేయగానే, కెమెరా మైదానం మూలకు వెళ్తుంది. అక్కడ అంచు కాసే వింగర్ బోర్లా పడి ఉంటాడు. అతన్ని దాటుకుని వెళ్లినవాడు బంతిని గీత అవతల నేలకు ఆనించి లేస్తుంటాడు. కామెంటేటర్లు ఆ వింగర్ పేరే ఎత్తుతారు, మర్నాడు లెక్కల్లోనూ తప్పిన ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) అతని ఖాతాలోనే పడుతుంది. రీప్లేని నాలుగైదు సెకన్లు వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు సంగతి వేరేగా ఉంటుంది. వింగర్ తన చోటు వదిలి లోపలికి ఎందుకొచ్చాడు? పక్కనున్న సెంటర్ లోపలికి జరిగాడు కాబట్టి. సెంటర్ ఎందుకు జరిగాడు? తన లోపలి వైపున్న హాఫ్ (ఆట నడిపే ఆటగాడు) మీదికి నూరు కిలోల పైబడిన మనిషి దూసుకొస్తున్నాడు, హాఫ్ అతన్ని ఒంటరిగా ఆపలేడని సెంటర్‌కు భయం. బంతి చివరికి హాఫ్ దగ్గరికి రానే రాలేదు. అతను ట్యాకిల్ తప్పలేదు, స్కోర్‌షీట్‌లో అతని పేరు పక్కన ఏ మచ్చా ఉండదు. అయినా ఆ ట్రై అతని వల్లే పడింది.

బలహీనమైన డిఫెండర్ జట్టుకు చేసే నష్టాన్ని అతను వదిలేసిన ట్యాకిల్స్ లెక్కపెట్టి తేల్చడం ఈ ఆటలో పాతుకుపోయిన అలవాటు. ఆ లెక్క సగం కూడా చెప్పదని నా అభిప్రాయం. అతన్ని నమ్మలేక పక్కవాళ్లు చేసే పనుల్లోనే పెద్ద నష్టం ఉంది.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. మనవాళ్లలో ఎక్కువమందికి రగ్బీ అంటే 15 మంది ఆడే యూనియన్, లేదా ఒలింపిక్స్‌లో చూసే సెవెన్స్. లీగ్ వేరే ఆట. పనిదినం పోగొట్టుకుని ఆడే కార్మికులకు ఆ కూలి చెల్లించాలా వద్దా అన్న గొడవతో 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి, క్రమంగా రూల్స్ కూడా మారాయి. ఇప్పుడు జట్టుకు 13 మంది. బంతి చేతిలో ఉన్న జట్టును ఆరుసార్లు ట్యాకిల్ చేస్తే బంతి అవతలివాళ్లది. ప్రతి ట్యాకిల్ తర్వాతా కిందపడినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తాడు, డిఫెన్స్ పది మీటర్లు వెనక్కి పరుగెత్తి మళ్లీ వరుస కట్టాలి. ఆట ఆస్ట్రేలియాలో, అందులోనూ సిడ్నీ, బ్రిస్బేన్‌లలో ఊపు మీద ఉంటుంది. పాపువా న్యూగినీలో జాతీయ క్రీడతో సమానం. సిడ్నీ పడమటి శివార్లలో, పారామాటా చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంత వీధి ఆటే.

ఇక వరుస సంగతి. మైదానం వెడల్పు 68 మీటర్లు. పదమూడు మందిలో ఇద్దరు మార్కర్లుగా బంతి ఎదురుగా నిలబడాలి, ఫుల్‌బ్యాక్ వెనక ఉంటాడు. మిగిలిన పదిమందే వెడల్పంతా కాయాలి, అంటే మనిషికి ఆరేడు మీటర్లు. అంచున మొదట వింగర్, అతని లోపల సెంటర్, మూడోవాడు హాఫ్, నాలుగోవాడు భారీ శరీరం ఉన్న సెకండ్ రోయర్. ఈ మూడోవాడి మీదే అందరి కళ్లూ. ఆట నడిపేవాడు, కిక్ కొట్టేవాడు, జట్టుకు మెదడు అతనే. చాలా జట్లలో అందరికంటే చిన్న ఒళ్లూ అతనిదే.

కబడ్డీ చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఏడుగురి చెయిన్‌లో ఎవరి చెయ్యి ముందు వదులవుతుందో రైడర్ ఒకటి రెండు రైడ్‌లలోనే పసిగడతాడు, ఆ తర్వాత రైడ్‌లన్నీ అటువైపే. రగ్బీ లీగ్‌లో ఆ పసిగట్టే పని మ్యాచ్‌కు వారం ముందే వీడియో రూమ్‌లో అయిపోతుంది. పైగా ఇక్కడ దాడి ముప్పై సెకన్లతో అయిపోదు, 80 నిమిషాలు సాగుతుంది.

ట్రై పడకపోయినా నష్టం ఉంటుంది. హాఫ్ ట్యాకిల్ తప్పకుండానే చేశాడనుకుందాం. కాకపోతే ఎదుటివాణ్ని ఆపిన చోటే పడేయలేక రెండు మీటర్లు వెనక్కి జారి, కాళ్లు పట్టుకుని ఎలాగో కింద పడేశాడు. లెక్కల్లో అది పూర్తయిన ట్యాకిల్, అతనికి మంచి మార్కే. కానీ కిందపడినవాడు పొట్ట మీద పడ్డాడు, మీద బరువు లేదు, వెంటనే లేచి బంతిని వెనక్కి తోసేశాడు. డిఫెన్స్ ఇంకా పది మీటర్లు వెనక్కి వెళ్తూనే ఉంది, మార్కర్లు ఇంకా కుదురుకోలేదు. తర్వాతి దాడి వెనక్కి నడుస్తున్న మనుషుల మీద జరుగుతుంది. అక్కడ ఇంకో పది మీటర్లు. అలా నాలుగో ట్యాకిల్ దగ్గర, మైదానం ఇంకో వైపున, ఇంకెవరి చేతుల్లోనో ట్రై పడుతుంది. దాన్ని మొదటి ట్యాకిల్‌తో ముడిపెట్టేవాడు డిఫెన్స్ కోచ్ ఒక్కడే. మెత్తని ట్యాకిల్ చేసినవాడికి చాలాసార్లు తను చేసింది తప్పని కూడా తెలియదు.

ఇంకొకటి, ఒంట్లో ఓపిక. పోయిన ట్రైలకంటే దీని మీదే ఎదుటి కోచ్ ఎక్కువ ఆశ పెట్టుకుంటాడు. హాఫ్ మీదికి మొదటి నిమిషం నుంచీ పెద్ద మనుషుల్ని వరసగా పంపుతారు. అతను ఒక్కటీ వదలకుండా పట్టుకున్నా సరే, వాళ్ల పని అయినట్టే. పాతిక, ముప్పై సార్లు తనకంటే పాతిక కిలోలు ఎక్కువున్నవాళ్లను పడేసినవాడికి 70వ నిమిషంలో కిక్ మీద పట్టు ఉండదు. ఆస్ట్రేలియాలోని పెద్ద క్లబ్ పోటీ NRLలో మ్యాచ్‌కు ఎనిమిది మార్పిడులే అనుమతిస్తారు, అవన్నీ దాదాపు భారీ ఫార్వర్డ్‌లకే ఖర్చవుతాయి. హాఫ్‌కు విశ్రాంతి దొరకదు.

చిన్న ఒళ్లంటే బలహీన డిఫెన్స్ అని మాత్రం అనుకోకూడదు. పేరున్న హాఫ్ అలన్ లాంగర్ ఎత్తు 165 సెంటీమీటర్లే. 1987లో అతన్ని స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా జరిగే సిరీస్) కోసం క్వీన్స్‌లాండ్ జట్టులోకి తీసుకున్నప్పుడు ఈ పిల్లాడు న్యూసౌత్‌వేల్స్ ఫార్వర్డ్‌లను తట్టుకుంటాడా అని సొంత శిబిరంలోనే అనుమానించారు. ఆ సిరీస్‌ను క్వీన్స్‌లాండ్ 2-1తో గెలిచింది, లాంగర్ ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆ జెర్సీ వేసుకున్నాడు. కిందికి వంగి కాళ్లకు చుట్టేసేవాడు చిన్నవాడైనా ఫర్వాలేదు. ఎప్పుడు ముందుకెళ్తాడో ఎప్పుడు ఆగిపోతాడో పక్కవాడికి అంతుబట్టనివాడితోనే ఇబ్బంది.

అందుకే ఈ ఆటలో ట్రైలు ఒకటొకటిగా కాక గుంపుగా పడతాయి. NRL విజేతను తేల్చే 2023 గ్రాండ్ ఫైనల్ చూడండి. బ్రిస్బేన్ కుర్రాడు ఎజ్రా మామ్ రెండో సగంలో వెంటవెంటనే మూడు ట్రైలు చేసేసరికి పెన్రిత్ 24-8తో వెనకబడింది. చివరి 20 నిమిషాల్లో పెన్రిత్ మూడు ట్రైలు చేసి 26-24తో గెలిచింది, ఆఖరిది వాళ్ల హాఫ్ నేథన్ క్లియరీ స్వయంగా చేసింది. రెండూ ఆ ఏడాది అత్యుత్తమ జట్లే. అంత గట్టి వరుసలు కూడా ఒకసారి పక్కవాడి మీద నమ్మకం సడలితే పది నిమిషాల్లో చెదిరిపోతాయి. తలా ఒకడు పక్కవాడి పని కూడా నెత్తికెత్తుకోబోతాడు, ఎవరి పనీ కాదు.

మరి బలహీనమైనవాడు ఉంటే జట్టు ఓడిపోవాల్సిందేనా? 2018 గ్రాండ్ ఫైనల్ అలా అనడానికి వీల్లేకుండా చేసింది. సిడ్నీ రూస్టర్స్ హాఫ్ కూపర్ క్రాంక్‌కు అంతకు ముందు మ్యాచ్‌లో ఎడమ భుజం రెక్క ఎముక విరిగింది. ఆడకూడని గాయం. ఎదుట ఉన్నది మెల్‌బోర్న్ స్టార్మ్, అంతకు ముందు ఏడాది వరకూ క్రాంక్ ఆడిన జట్టే. అతని గురించి వాళ్లకు తెలియనిది లేదు. భుజం పోయిన సంగతి దేశమంతా తెలుసు. అయినా కోచ్ ట్రెంట్ రాబిన్సన్ అతన్ని దింపాడు. క్రాంక్ బంతిని పెద్దగా ముట్టుకోలేదు, మైదానంలో కోచ్‌లా నిలబడి అరుస్తూ మనుషుల్ని సర్దాడు. ఆట నడిపే పని ల్యూక్ కియరీ చూసుకున్నాడు, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ పతకం కూడా అతనికే దక్కింది. విరామానికే రూస్టర్స్ 18-0తో ముందుంది, చివరికి 21-6తో గెలిచింది. మెల్‌బోర్న్ చేసిన ఒక్క ట్రై కూడా జాష్ అడో-కార్ రూస్టర్స్ పాస్‌ను మధ్యలో లాక్కుని పరుగెత్తి చేసినది. వరుసను ఛేదించి చేసింది ఒక్కటీ లేదు.

దీన్ని క్రాంక్ మొండిధైర్యం కథగా చెప్పుకోవడం మామూలైపోయింది. ధైర్యం నిజమే, కానీ అసలు పని చేసింది మిగతా పన్నెండు మంది. ఒకడిమీద గురిపెట్టాలంటే ముందు మైదానం మధ్యలో ముందుకు రావాలి, బంతి త్వరగా బయటికి రావాలి. రూస్టర్స్ ఫార్వర్డ్‌లు ఆ రెండూ జరగనివ్వలేదు. మెల్‌బోర్న్ దాడి చాలాసేపు తన సగంలోనే తన్నుకులాడింది. ఇంకో ముఖ్యమైన విషయం: క్రాంక్ ఒంటిచేత్తో ఉన్నాడని అతని పక్కవాళ్లకు ముందే తెలుసు. ఎవరు ఎంత జరగాలో, ఎప్పుడు సాయానికి వెళ్లాలో వారమంతా అనుకునే దిగారు. అక్కడ భయంతో జరిగినవాళ్లు లేరు.

ఎవరైనా పది నిమిషాలు శిక్ష మీద బయటికెళ్లి 12 మందితో ఆడాల్సి వచ్చినప్పుడు కూడా జట్లు చాలాసార్లు గట్టిగా నిలబడటానికి కారణం అదే. ఒక మనిషి లేడని అందరికీ తెలుసు, ఆ మేరకు ఖాళీలు పంచుకుంటారు. కాగితం మీద 13 మంది ఉండి, వాళ్లలో ఒకణ్ని ఎవరూ నమ్మని జట్టు నాకు అంతకంటే బలహీనంగా కనిపిస్తుంది.

కాబట్టి మంచి హాఫ్‌ను డిఫెన్స్ బాగాలేదని పక్కనపెట్టమని నేననను. రెండు ట్రైలు ఇప్పించి ఒకటి వదిలేవాణ్ని వదులుకునే కోచ్ తెలివైనవాడేమీ కాదు. కానీ అతన్ని ఆడించే ఖర్చు ఇంకొకరి మీద పడుతుందని ఒప్పుకోవాలి. అతని లోపలి వైపు నిలబడే సెకండ్ రోయర్ ఇద్దరి పని చేస్తాడు, నోరు తెరిచి అరుస్తూ ఉండాలి, తన దాడి కొంత తగ్గించుకోవాలి. ట్రైలు అతనికి రావు, పరుగుల మీటర్లు తగ్గుతాయి. NRL క్లబ్బులన్నీ జీతాల పరిమితి లోపలే బేరాలు చేస్తాయి. హాఫ్‌కు పెద్ద మొత్తం పోగా మిగిలిన దాంట్లోంచే ఇతనికీ ఇవ్వాలి. కాంట్రాక్టు అయిపోయిన ఏడాది, అంకెలు బాగాలేవని క్లబ్ ముందుగా వదిలేసేది ఇలాంటివాడినే. ఆ తర్వాతి సీజన్‌లో హాఫ్ డిఫెన్స్ ఒక్కసారిగా ఎందుకు దిగజారిందా అని అందరూ ఆశ్చర్యపోతారు.